టాక్సిన్లు పోతున్నాయట, నొప్పి ఓర్చుకోవాలట

మా పిన్ని ఫోనుకి ఆమధ్య ఒక వాట్సాప్ సందేశం వచ్చింది. మసాజ్ సెంటరు వాళ్ళు వచ్చినవాళ్ళందరికీ పంపేదే. పైన తామరపువ్వు బొమ్మ, కింద జాగ్రత్తలు. మూడు లీటర్ల నీళ్ళు తాగాలి, చల్లటివి మానాలి, ఆ రాత్రికి ఏసీ వేసుకోకూడదు. చివర్లో ఇలా ఉంది: ఒళ్ళు నొప్పులు, తలనొప్పి, కళ్ళు తిరగడం, వికారం లాంటివి ఉంటే కంగారు పడకండి, ఒంట్లోని టాక్సిన్లు బయటికి పోతున్నాయనడానికి అవి గుర్తులు. పిన్ని దాన్ని నాకు పంపించి, వెనకాలే తన జబ్బల ఫోటో పెట్టింది. రెండు జబ్బల మీదా నీలంగా కమిలిన మచ్చలు. "ఇవి కూడా టాక్సిన్లేనంటావే?" అని అడిగింది.

పిన్నికి గుండెలో స్టెంటు వేశారు. రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ వాడుతోంది. అవి వేసుకునేవాళ్ళకి ఎవరైనా చెయ్యి గట్టిగా పట్టుకుంటేనే కములుతుంది, ఇక మోచేత్తో నొక్కితే చెప్పేదేముంది! సెంటర్లో ఆవిడ చేత నింపించిన ఫారంలో పేరు, ఫోన్ నంబరు, పుట్టినరోజు (ఆ రోజు డిస్కౌంట్ ఇస్తారట), మా గురించి ఎలా తెలిసింది అనే ప్రశ్నలు ఉన్నాయి. వాడే మందుల ఊసే లేదు. మచ్చల సంగతి ఫోన్ చేసి చెబితే "చెడు రక్తం పైకి తేలిందండీ, మంచిదే. ఇంకో రెండు సిట్టింగులైతే సర్దుకుంటుంది" అన్నారు.

అదృష్టం కొద్దీ ఏమీ కాలేదు. ఆవిడ గుండె డాక్టరు చూసి, మాత్రల వల్లే కమిలిందని చెప్పాడు. మచ్చలు చూసి భయపడి మాత్రలు మానేసేరు సుమా అని ఒకటికి రెండుసార్లు హెచ్చరించి పంపాడు. స్టెంటు వేసుకున్నవాళ్ళు చెప్పకుండా ఆ మాత్రలు ఆపితే స్టెంటులోనే రక్తం గడ్డకట్టొచ్చు. మచ్చలు పసుపు రంగుకి తిరిగి మాసిపోయాయి.

నాకు మాత్రం ఆ సందేశంలోని చివరి వాక్యం మింగుడు పడలేదు. హాయిగా ఉంటే మసాజ్ గొప్ప, బాధగా ఉంటే టాక్సిన్లు పోతున్నాయి కాబట్టి ఇంకా గొప్ప. ఏం జరిగినా సెంటరుకి లాభమే తప్ప నష్టం రాని లెక్క ఇది. మసాజ్ తర్వాత వచ్చే ఇబ్బందుల్లో నూటికి తొంభై పైగా రెండు రోజుల్లో పోయేవేనని నేనూ నమ్ముతాను. నా అభ్యంతరం ఆ మిగిలిన కొద్దిపాటి గురించి. నొప్పి మంచిదని ముందే నూరిపోస్తే, ఆస్పత్రికి పరిగెత్తాల్సిన మనిషి కూడా టాక్సిన్లు పోతున్నాయనుకుంటూ మంచం మీద పడుకుంటాడు.

పులిసిన ఒళ్ళు

అలవాటు లేని పని చేస్తే మర్నాడు ఒళ్ళు పులుస్తుందని మనకి ఎవరూ పుస్తకాల్లోంచి చెప్పక్కర్లేదు. చాలాకాలానికి నాట్లు వేసినవాళ్ళకి, పెళ్ళి భోజనాల బల్లలు మోసినవాళ్ళకి, జనవరి ఒకటో తారీకున జిమ్‌లో చేరినవాళ్ళకి తెలిసిందే. కండ పోగుల్లో సన్నటి దెబ్బలు తగులుతాయి, వాటిని బాగుచేసుకోవడానికి ఒళ్ళు కాస్త వాపు తెచ్చుకుంటుంది, అక్కడి నరాలు మామూలు కన్నా చురుగ్గా స్పందిస్తాయి. వ్యాయామం తర్వాతి ఆ నొప్పి ఒకటి నుంచి మూడు రోజుల మధ్య ఎక్కువగా ఉండి తగ్గుతుంది. కండని లోతుగా నొక్కినా దాదాపు ఇదే జాతి నొప్పి వస్తుంది, కాకపోతే సాధారణంగా ఇంకా తొందరగా పోతుంది. అమెరికాలో 2007లో వెలువడిన ఒక అధ్యయనంలో మసాజ్ చేయించుకున్న 100 మందిని అడిగితే, పది శాతం మంది చిన్నపాటి ఇబ్బంది కలిగిందన్నారు. చాలావరకు ఆ ఇబ్బందులు 12 గంటల్లోపే మొదలై 36 గంటల్లోపే పోయాయి. అదే గుంపులో 23 శాతం మంది తాము అనుకోని మేళ్ళు కూడా కలిగాయని చెప్పారు. వందమందితో చేసిన చిన్న అధ్యయనమే అయినా, రోజూ మనం చూసేదానికి దగ్గరగానే ఉంది.

ఇక టాక్సిన్లు. ఏ టాక్సిన్? పేరేమిటి? అడిగితే ఎక్కువమంది చెప్పేది లాక్టిక్ ఆసిడ్. అది విషం కాదు, కండ వాడుకునే ఇంధనమే. పరిగెత్తి ఆగిన గంట సేపట్లో ఎవరూ పిసకకుండానే రక్తంలోంచి సర్దుకుపోతుంది. కెనడాలోని క్వీన్స్ యూనివర్సిటీ వాళ్ళు 2010లో పరీక్షించి చూస్తే తేలింది ఇంకా తమాషాగా ఉంది. వ్యాయామం చేసిన వెంటనే మసాజ్ చేస్తే నొక్కుడుకి రక్తప్రవాహం అడ్డుపడి, లాక్టిక్ ఆసిడ్ పోవడం తగ్గిందట! అలాగని మసాజ్ పనికిరాదనడానికి లేదు. అదే దేశంలో మెక్‌మాస్టర్ యూనివర్సిటీ వాళ్ళు 2012లో పదకొండు మంది కుర్రాళ్ళ చేత అలిసిపోయేదాకా సైకిలు తొక్కించి, ఒక కాలికే మసాజ్ చేసి, రెండు కాళ్ళ కండల్లోంచీ నమూనాలు తీసి చూశారు. మసాజ్ చేసిన కాలిలో వాపుకి సంబంధించిన సంకేతాలు తగ్గాయి. లాక్టిక్ ఆసిడ్‌లో మాత్రం తేడా లేదు. అంటే మేలు ఉంది, సెంటరు వాళ్ళు చెప్పే కారణమే తప్పు.

కారణం తప్పయితే ఏమైంది, ఫలితం బాగుందిగా అనొచ్చు. తప్పు కారణంలోంచి తప్పు సలహా పుడుతుంది, అదీ ఇబ్బంది. మూడు లీటర్ల నీళ్ళ సంగతే తీసుకోండి. టాక్సిన్లని కడిగెయ్యడానికట. కడిగే పని లివరూ కిడ్నీలూ రోజంతా చేస్తూనే ఉంటాయి, మసాజ్ రోజున ప్రత్యేకంగా డ్యూటీ ఎక్కవు. ఆవిరి పెట్టెలో కూర్చుని చెమటలు కక్కినవాడికి దాహం వేస్తుంది, తాగుతాడు, అది న్యాయం. కానీ డయాలసిస్ మీద ఉన్నవాళ్ళకి, గుండె బలహీనమై కాళ్ళకి నీరు దిగేవాళ్ళకి డాక్టర్లు నీళ్ళు గ్లాసుల్లో కొలిచి ఇస్తారు. ఉద్దానం వైపు ఒక్క ఊరికి వెళ్ళినా అలాంటి ఇళ్ళు కనిపిస్తాయి. అక్కడి మనిషి విశాఖలోనో హైదరాబాదులోనో కొడుకింటికి వచ్చి, కొడుకు ప్రేమగా బుక్ చేసిన మసాజ్ చేయించుకుని, ఆ సందేశాన్ని బుద్ధిగా పాటిస్తే ఆయాసంతో ఎమర్జెన్సీకి చేరతాడు. అందరికీ ఒకే సందేశం పంపేవాళ్ళకి ఈ ఆలోచన రాదు.

స్నేహితురాలి అభ్యంతరం

ఇదంతా ఫిజియోథెరపిస్టుగా పనిచేసే నా స్నేహితురాలితో వాదించాను. ఆవిడ సగమే ఒప్పుకుంది. "టాక్సిన్ల మాట నేను అనను. కానీ నొప్పి రావచ్చు, కంగారు పడకండి అని మాత్రం ప్రతివాళ్ళకీ చెబుతాను. చెప్పకపోతే రాత్రి పదకొండింటికి ఫోన్ చేస్తారు. ఎక్కువ చెబితే, లేని నొప్పి కూడా మొదలవుతుంది" అంది. ఆ రెండో మాటలో నిజముంది. నొప్పి వస్తుందని గట్టిగా నమ్మినవాళ్ళకి నిజంగానే ఎక్కువ వస్తుందని వైద్యులు ఎప్పటినుంచో చెబుతున్నారు. పైగా మనవాళ్ళు భయపడితే ఇక కదలరు. నడుం పట్టేసినవాడు ఏదో విరిగిందనుకుని వారం రోజులు మంచం దిగకపోతే, పట్టేసిన నడుం కాస్తా కొయ్యబారుతుంది.

భయపెట్టడంలో ఇంకో ప్రమాదం కూడా ఉంది. 2024 డిసెంబరులో థాయ్‌లాండ్‌లో ఒక యువ గాయని, మెడ తిప్పే మసాజ్ చేయించుకున్నాక చచ్చుబడి చనిపోయిందన్న వార్త మన టీవీల్లోనూ తిరిగింది. తర్వాత అక్కడి ఆరోగ్యశాఖ అధికారులు వైద్య రికార్డులు చూసి, వెన్నుపాములో వాపు జబ్బు ఉందని, మసాజ్ వల్ల కాదని చెప్పారు. ఆ రెండో వార్త ఎంతమందికి చేరిందో మీకూ తెలుసు. మసాజ్ తర్వాత జరిగిందల్లా మసాజ్ వల్లే జరిగిందనడం, జరిగిందల్లా టాక్సిన్లు అనడం, రెండూ ఆలోచించే శ్రమ తప్పించుకోవడమే.

అందుకని స్నేహితురాలి మాటని కొంచెం సవరించి ఒప్పుకున్నాను. "నొప్పి రావచ్చు, కంగారు పడకండి" దగ్గర ఆగిపోకూడదు. "ఎల్లుండికి తగ్గిపోతుంది, తగ్గకపోతే చెప్పండి" అని గడువు పెట్టాలి. గడువు చెబితే ఎవరూ భయపడరు, పైగా స్థిమితపడతారు. గడువు లేని ఓదార్పుతో చిక్కేమిటంటే, ఎప్పటిదాకా ఓర్చుకోవాలో తెలియదు. మా ఆఫీసులో ఒక కుర్రాడు డీప్ టిష్యూ (కండని లోతుగా నొక్కే మసాజ్) చేయించుకుని, ఆ నొప్పి తగ్గడానికి మళ్ళీ డీప్ టిష్యూ చేయించుకుని, ఆ నొప్పికి మసాజ్ గన్ కొనుక్కున్నాడు. ఎవరైనా రెండు రోజులు ఊరుకోమని చెప్పి ఉంటే ఆ గన్ డబ్బులు మిగిలేవి.

ఆ జాబితాలో వికారం ఎందుకుంది

పిన్నికి వచ్చిన సందేశంలో కళ్ళు తిరగడం, వికారం కూడా ఉన్నాయని చెప్పాను కదా. చాలాసార్లు అవి చిన్న విషయాలే. గంటసేపు పడుకుని, అందులోనూ ఆవిరి పట్టించుకుని, దిగ్గున లేస్తే రక్తపోటు పడిపోయి కళ్ళు తిరుగుతాయి. బీపీ మాత్రలు వాడేవాళ్ళకి మరీనూ. లేచి రెండు నిమిషాలు బల్ల అంచున కాళ్ళు వేలాడేసి కూర్చుంటే సరిపోతుంది. ఈ ఒక్క ముక్క ఆ సందేశంలో లేదు, ఏసీ వేసుకోవద్దని మాత్రం ఉంది.

కానీ ఎప్పుడో ఒకసారి అవే లక్షణాలకి వేరే అర్థం ఉంటుంది. హైదరాబాదు న్యూరాలజిస్టు డాక్టర్ సుధీర్ కుమార్ 2022లో ఒక కేసు గురించి రాశారు, చాలామంది చదివే ఉంటారు. యాభై ఏళ్ళావిడ బ్యూటీ పార్లర్లో తల వెనక్కి వాల్చి జుట్టు కడిగించుకుంటుండగా తల తిరిగి, వికారంగా ఉండి, వాంతులయ్యాయి. ముందు ఆవిణ్ణి కడుపు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. మర్నాటికి నడకలో తూలు కనిపించింది. స్కాన్ తీస్తే చిన్నమెదడులో స్ట్రోక్. మెడ అదేపనిగా వెనక్కి వాలినప్పుడు మెదడుకి వెళ్ళే రక్తనాళం నొక్కుకుపోయి ఇలా జరగొచ్చని, దీనికి బ్యూటీ పార్లర్ స్ట్రోక్ అని అమెరికాలో మైకేల్ వైన్‌ట్రాబ్ 1993లోనే పేరు పెట్టాడు. ఇలాంటివి అరుదు, చాలా అరుదు. కానీ అదే వికారం ఒక మసాజ్ సెంటర్లో మొదలై ఉంటే, "టాక్సిన్లు, కంగారు పడకండి" అన్న సందేశం అప్పటికే ఫోన్లో సిద్ధంగా ఉండేది.

మెడ గురించి ఇంకొక్క మాట. క్షవరం అయ్యాక తలకి మాలిష్ చేసి, గడ్డం ఒక చేత్తో, తల ఇంకో చేత్తో పట్టుకుని చటుక్కున తిప్పడం మన సెలూన్లలో మామూలే. ఆ చప్పుడు వినకపోతే డబ్బులు గిట్టలేదనుకునేవాళ్ళున్నారు. ఢిల్లీ దగ్గర ఒకాయనకి అలా తిప్పించుకున్నాక ఊపిరి తియ్యడానికి కావలసిన నరం దెబ్బతిని, ఆయాసంతో ఆస్పత్రిలో చేరిన కేసు 2017లో పత్రికల్లో వచ్చింది. తల మాలిష్ నాకూ ఇష్టమే. తిప్పడం వద్దని ముందే చెప్పడానికి మొహమాటం అక్కర్లేదు.

అన్నిటికన్నా నన్ను కదిలించింది మాత్రం ఢిల్లీలోనే జరిగిన ఇంకో కేసు, 2016 నాటిది. ఒక కుర్రాడికి ఆటలో చీలమండకి దెబ్బ తగిలి కట్టు కట్టారు. కట్టు విప్పాక కూడా కాలు నొప్పి తగ్గకపోతే తల్లి నూనె రాసి మర్దనా చేసింది. కదలకుండా ఉన్న ఆ కాలి సిరలో అప్పటికే రక్తం గడ్డకట్టి ఉంది. మర్దనాకి అది కదిలి ఊపిరితిత్తుల్లో ఇరుక్కుంది. కుర్రాడు దక్కలేదు. ఎయిమ్స్ వైద్యులు ఆ కేసుని వైద్య పత్రికలో రాశారు. ఏ తల్లయినా చేసే పనే ఆవిడా చేసింది. కట్టు విప్పిన ఆస్పత్రిలో ఎవరైనా "పిక్క నొప్పిగా, వాపుగా ఉంటే రుద్దకండి, చూపించండి" అని చెప్పి ఉంటే అని అనిపిస్తూ ఉంటుంది. విమానంలో పద్నాలుగు గంటలు కూర్చుని అమెరికా నుంచి దిగిన అమ్మానాన్నలకి ఒక కాలి పిక్క మాత్రమే వాచి నొప్పి పుడితే, అదే జాగ్రత్త ఇక్కడా. ఆపరేషన్లయి మంచం మీద ఉన్నవాళ్ళకీ, బాలింతలకీ కూడా.

తైవాన్ వైద్యులు 2006లో రాసిన ఇంకో కేసులో, మరీ బలంగా చేసిన మసాజ్‌కి కండరం చితికి, ఆ వ్యర్థంతో కిడ్నీలు దెబ్బతిన్నాయి. మూత్రం కోకాకోలా రంగులో రావడం దానికి గుర్తు. ఒంట్లోంచి నిజంగా ఏదో బయటికి పోతున్న సందర్భం ఇదొక్కటే అనుకుంటా, ఇందులో సంతోషించడానికి ఏమీ లేదు.

పాతవాళ్ళు అడిగిన ప్రశ్నలు

మా ఊళ్ళో బాలింతలకి ఒళ్ళు రుద్దే ముసలమ్మ ఉండేది. చెయ్యి వెయ్యడానికి ముందు గుమ్మంలోనే అడిగేది: ఎన్నో రోజు, కుట్లున్నాయా, జ్వరం ఉందా, అన్నం తిని ఎంతసేపయింది. జ్వరమంటే వెనక్కి తిరిగి వెళ్ళిపోయేది, ఆ రోజు కూలి పోయినా సరే. రుద్ది, సున్నిపిండితో నలుగు పెట్టి, వేణ్ణీళ్ళు పోశాక, నూనె పాదాలతో గచ్చు మీద నడవనిచ్చేది కాదు. ముందు అరికాళ్ళు తుడిచేది. ఇప్పటి మన స్నానాల గదుల నున్నటి టైల్స్ చూస్తే ఆవిడ ఏమనేదో! పెద్దవాళ్ళకి మసాజ్ కన్నా ఆ తర్వాత జారిపడి తుంటి ఎముక విరగడమే ఎక్కువ భయం. స్నానం అయ్యాక చారన్నం తిని నిద్ర. దాన్ని కూడా వైద్యంలో భాగంగానే చూసేవాళ్ళు.

అలాగని ఆ కాలాన్ని నెత్తిన పెట్టుకోవాలని కాదు. ఆ ముసలమ్మే పసిపిల్లల ముక్కుల్లో, చెవుల్లో నూనె చుక్కలు వేసేది. ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి దిగితే న్యుమోనియా వస్తుందని పిల్లల డాక్టర్లు మొత్తుకుంటున్నారు. పిల్లల తల గుండ్రంగా రావాలని నొక్కేది కూడా. ఆవిడ ప్రశ్నలు నాకు కావాలి, ఆ నూనె చుక్కలు వద్దు.

ఆయుర్వేదం పేరు బోర్డు మీద రాసుకున్న సెంటర్లు ఆ శాస్త్రం చెప్పిన నిషేధాలు ఎందుకు చెప్పవో నాకు అర్థం కాదు. రోజూ అభ్యంగం, అంటే ఒంటికి నూనె మర్దనా, చెయ్యమన్న పాతకాలపు ఆయుర్వేద గ్రంథకర్త వాగ్భటుడే ఆ వెంటనే, కఫం ఎక్కువై ఉన్నవాళ్ళూ, అప్పుడే శోధన (వాంతి, విరేచనం లాంటి శుద్ధి చికిత్స) చేయించుకున్నవాళ్ళూ, అజీర్ణంతో ఉన్నవాళ్ళూ చేయించుకోకూడదన్నాడు. ఆ కారణాలన్నీ ఇవాళ్టి వైద్యంతో కలవక్కర్లేదు. చెయ్యి వేసేముందు అడగాలన్న పద్ధతి కలిస్తే చాలు. ఆయుర్వేదంలోని అయిదు శుద్ధి చికిత్సల్ని పంచకర్మ అంటారు, అందులో పరిహార కాలం అని ఒకటుంది. బస్తి (మందుతో ఇచ్చే ఎనిమా) వంటి చికిత్స ఎన్నాళ్ళు చేస్తే దానికి రెట్టింపు రోజులు తిండిలో, నిద్రలో, ప్రయాణాల్లో జాగ్రత్తగా ఉండాలని చరకసంహిత చెబుతుంది. మనవాళ్ళు కేరళకి వారం ప్యాకేజీ మీద వెళ్ళి, ఆదివారం సాయంత్రం విమానం ఎక్కి, ఎయిర్‌పోర్టులో బిర్యానీ తిని, సోమవారం పొద్దున లాగిన్ అవుతారు. ఆ తర్వాత నీరసంగా ఉందంటే, అదీ టాక్సిన్లే.

మా నగరాల సెంటర్లలో పనిచేసే పిల్లల్ని అనడానికి నాకు నోరు రాదు. ఎక్కడో ఈశాన్య రాష్ట్రాల నుంచో కేరళ నుంచో వచ్చి, రోజంతా నిలబడి, బొటనవేళ్ళు వాచేలా పనిచేస్తారు. వాళ్ళకి నేర్పినదే వాళ్ళు చెబుతారు. మన దగ్గర మసాజ్ సెంటర్లు పేపర్లోకి ఎక్కేది పోలీసు దాడి జరిగినప్పుడే. అక్కడ షుగరు ఉన్న మనిషి మొద్దుబారిన పాదాలకి వేడి కిళి (మందాకుల మూట) పెడితే కాలుతుందని ఎవరికైనా నేర్పించారా అన్నది వార్త అవ్వదు.

నేను రాయమంటే ఆ వాట్సాప్ సందేశం ఇలా రాస్తాను. ఒళ్ళు కాస్త పులుస్తుంది, ఎల్లుండికి తగ్గుతుంది. మగతగా ఉంటే బండి మీద కాక ఆటోలో వెళ్ళండి. దాహమేస్తే నీళ్ళు తాగండి, డాక్టరు కొలత పెట్టి ఉంటే ఆ కొలతే. కమిలి ఉండి రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే మాత్రలు ఆపకుండా డాక్టరుకి చూపించండి. ఒక కాలే వాచినా, ఆయాసం వచ్చినా, ఎప్పుడూ లేని తలనొప్పి గానీ మాట తడబడడం గానీ మూతి వంకర పోవడం గానీ చెయ్యి పట్టు తప్పడం గానీ నడకలో తూలు గానీ కనిపించినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా మాకు ఫోన్ చెయ్యకండి, 108కి చెయ్యండి.

ఇది స్నేహితురాలికి చదివి వినిపిస్తే నవ్వింది. ఏ సెంటరు వాళ్ళూ కస్టమరుకి 108 నంబరు పంపరని, పంపితే మళ్ళీ ఎవరూ రారని పందెం కాసింది. నాకు అలా అనిపించదు. మందుల అట్టపెట్టెలో దుష్ఫలితాల కాగితం ఎన్ని మడతలు పెట్టి కుక్కుతారో మనకి తెలుసు. అది చూసి మందుల షాపుకి వెళ్ళడం మానేసినవాళ్ళని నేనింతవరకూ చూళ్ళేదు.